దొన్ను తాత తప్పు కూడు

పాడేరు ఘాట్‌లో మలుపు తిరగలేక ఒక లారీ అడ్డంగా ఆగిపోయింది. కొండ మీది నుంచి దిగుతున్న లారీ, నిండా సిల్వరు ఓకు చెట్ల దుంగలు. మా బస్సు దాని పక్కకి వచ్చి ఆగింది. కిటికీకి జానెడు దూరంలో పచ్చి కోతలు, ఇంకా తడి ఆరలేదు. పులిసిన గంజిలో వేపాకు నలిపితే వచ్చేలాంటి వాసన. నా పక్కన కూర్చున్న టూరిస్టు అమ్మాయి ఫోను ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చి, "అబ్బ, అడవి వాసన ఎంత బాగుందో కదండీ" అంది. నాకు ఒళ్ళు మండింది. ఇది అడవి వాసన కాదమ్మా, అడవిని పక్కకి తోసి కూర్చున్నదాని వాసన అని చెప్పాలనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? నా చెవులకున్న దుద్దులు ఆ చెట్లకి పాకిన మిరియాలవి. నా హాస్టలు పెట్టె, నా బి.ఇడి. చదువు, ఇప్పుడు కింద మైదానంలో చేస్తున్న పంతులమ్మ ఉద్యోగం, అన్నీ ఆ మిరియాలే పెట్టిన భిక్ష. తల తిప్పుకుని కూర్చున్నాను.

ఆ వాసన నాకు దొన్ను తాత చేతుల వాసన. వానాకాలం అంతా ఆయన చేతులు అలాగే ఉండేవి. సిల్వరు మొలకలు పీకీ పీకీ ఆ పసరు గోళ్ళలోకి దిగిపోయేది. తాత అంటే మా రక్తసంబంధం కాదు. మా ఎదురింటివాడు. నాన్న ఆయన్ని మామా అని పిలిచేవాడు కాబట్టి నాకు తాత అయ్యాడు. పాడేరుకీ అరకుకీ నడుమ కొండ ఒళ్ళో ఉన్న మా చిన్న గూడేనికి ఆయన దిసారి. అంటే చుక్కలు చూసి, గాలి చూసి, విత్తనానికి, పెళ్ళికి, పండక్కి రోజు చెప్పేవాడు. ఆయన రోజు చెప్పకుండా మా ఊళ్ళో ఎవరూ చోడి గింజ మట్టిలో వెయ్యరు.

ఆయన్ని చూడనివాళ్ళు ఏదో సాధువులాంటి ముసలాయన్ని ఊహించుకుంటారేమో. అలాంటివాడు కాదు. తలకి ఆముదం దట్టంగా రాసి నున్నగా దువ్వేవాడు. ఎండాకాలంలో కూడా గొడుగు చంకలో ఉండాల్సిందే. తన ముందు ఇంకొకరు వాన గురించి మాట్లాడితే సహించేవాడు కాదు. "వాన సంగతి నీకెందుకురా, నీ గొడ్ల సంగతి సూసుకో" అనేవాడు. గొప్పలు చెప్పుకోవడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆడపిల్లలు దిసారులు కారు. అయినా సెలవులకి హాస్టలు నుంచి వచ్చినప్పుడల్లా నేను ఆయన వెంట తిరిగేదాన్ని. ఎందుకు తిప్పుకున్నాడో ఒకసారి అడిగితే, "ఊళ్ళో అందరూ నాను సెప్పిందానికి తలూపుతారు. నువ్వొక్కర్తివే ఎందుకని అడుగుతావు. సెవికి బాగుంటాది" అన్నాడు.

ఊరికి పైన, మలుపులో మా ఊట. బండ కింది నుంచి నీళ్ళు ఊరి, చిన్న గుంటలో నిలిచి, అక్కణ్ణుంచి గెడ్డగా కిందికి దిగేవి. ఒక వేసవిలో తాత నన్ను అక్కడ కూర్చోబెట్టి, రాయి కింద చెయ్యి పెట్టమన్నాడు. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు.

"ఏటుంది గుంటా?"

"ఏటీ నేదు తాతా."

"అదే. మొన్నటి వొరకూ పీతుండేది. నీలింకా ఉన్నాయి, పీత ఎల్లిపోయింది. దానికి ముందే తెలుస్తాది."

"ఏటి తెలుస్తాది?"

"ఇల్లు కాళీ సెయ్యాలని."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఊట నెత్తిన వరసగా నిలబడ్డ సిల్వరు చెట్ల వైపు గొడుగు ఎత్తి చూపించి, "ఆటిని ఎవులు నాటినారో తెలుసా?" అన్నాడు. తెలీదన్నాను. "నానే" అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి ఆయన అంతసేపు గొంతు సవరించుకోవడం నేను అంతకు ముందు చూడలేదు.

ఆ కథ ఇది. నేను పుట్టకముందు మా కొండలకి కాఫీ వచ్చింది. కాఫీకి నీడ కావాలి. పనసా మామిడీ పెరగాలంటే ఏళ్ళు పడుతుంది, సిల్వరు అయితే బేగి ఎదుగుతుంది, మిరియం తీగ కూడా పాకుతుంది అని మొక్కలు జీపుల్లో వచ్చాయి. ఎక్కడిదో పరదేశపు చెట్టు. ఊరు వెళ్ళి దిసారిని అడిగింది: ఎప్పుడు నాటాలి? తాత మంచి రోజు చూశాడు. మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ఊళ్ళోకి వచ్చిన ఏ విత్తనమైనా, ఏ మొక్కైనా మొదట అమ్మవారికి ఇవ్వాలి. మా అమ్మవారు ఉండేది ఊట నెత్తిన. తొలి మొక్కలు అక్కడ నాటి, ఆ తర్వాతే ఎవరి పొలంలో వాళ్ళు వేసుకోవాలి. అలా ఇచ్చిన చెట్టు మీద గొడ్డలి పెట్టకూడదు. తాత మొక్కలన్నిట్లోకీ బలమైనవి ఏరి, డప్పులతో ఊట దగ్గరికి మోయించి, తన చేత్తో గోతులు తీసి నాటాడు. భక్తి కొద్దీ నాటాడు. నీళ్ళు తాగే చెట్టుని తీసుకెళ్ళి సరిగ్గా నీళ్ళు పుట్టే చోట పెట్టాడు. వేరే ఊరివాడైతే ఈ పొరపాటు చెయ్యడు. వాడికి ఆ ఆచారం లేదు కదా.

చెట్లు ఏపుగా పెరిగాయి. తాత చుట్టుపక్కల గూడేలన్నీ తిరిగి "నా మూర్తం అలాటిది" అని చెప్పుకున్నాడట. చాలా ఏళ్ళు చెప్పుకున్నాడు. ఎప్పుడు అనుమానం వచ్చిందని అడిగితే మొదట ఆకు సంగతి చెప్పాడు. పనసాకు రాలితే మళ్ళీ వానలకి మట్టయిపోతుంది. సిల్వరు ఆకు రాలి, దాని మీద ఇంకోటి రాలి, అట్టలా పేరుకుంటుంది గానీ మట్టి కాదు. "ఈ ఆకు సావడానికి ఒప్పుకోదు" అనేవాడు. ఆ అట్ట కింద దుంప తీగ లేవలేదు. విస్తళ్ళకి కోసుకునే అడ్డ తీగ ఆ చెట్టుని చుట్టుకోకుండా పక్కనించి పోయింది. గొడ్లు ఆ నీడలో పడుకోడం మానేశాయి. ఆ తర్వాత పీతలు. ఆ తర్వాతే ఊట సన్నబడింది. కానీ చెట్టుని తిట్టనిచ్చేవాడు కాదు. నేనొకసారి దాని మొదలుని కాలితో తన్నితే కసిరాడు. "దాన్నెందుకు తంతన్నావు? పూతప్పుడు తేనెటీగలొస్తాయి, మిరియం పాకుతాది. ఉన్నదున్నట్టు సెప్పాల. సెట్టు సెడ్డది కాదు. దానికి సోటు సూసినోడు నాను."

వాటి గింజలకి రెక్కలుంటాయి. ఎండల్లో గాలికి లేచి, మడుల్లోకీ మేత కొండకీ పోయి పడేవి. తొలకరికి అక్కడంతా మొలకలు. అమ్మవారి చెట్లని ముట్టుకోకూడదు గానీ దారి తప్పి మొలిచినవాటికి ఆ అడ్డం లేదు. తాత తెల్లారి లేచి అందరి పొలాల్లోనూ వంగి పీకేవాడు. నేను సంచీ పట్టుకుని వెనక. "దిసారి కలుపు తీస్తన్నాడు" అని ఊరు నవ్వుకునేది. హాస్టల్లో నా స్నేహితురాళ్ళకి మా తాత చుక్కలు చూస్తాడని చెప్పుకున్నాను గానీ, ఊళ్ళోవాళ్ళ పొలాల్లో మొలకలు పీకుతాడని ఎప్పుడూ చెప్పలేదు.

మా నాన్న మొదట్లో నవ్వి ఊరుకునేవాడు. ఒకరోజు మా అరుగు మీద మిరియాలు ఆరబోసి ఏరుతూంటే తాత వచ్చి పక్కన కూర్చున్నాడు. ఊట నెత్తిన చెట్లు తీసెయ్యాలన్నాడు. నాన్న తలెత్తకుండానే, "నువ్వు సూసిన మూర్తమే గదా మామా, అందరికీ బాగా కలిసొచ్చింది. ఇప్పుడు సెడ్డదంటావేటి?" అన్నాడు.

"నీకు కలిసొచ్చింది అల్లుడా. నీ పెళ్ళాం కాళ్ళనడుగు. కింది గెడ్డ దాకా ఎల్లి నీలు తెత్తంది."

"అమ్మవారి సెట్లు మామా. నువ్వే ఇచ్చినావు. ఇచ్చినవి ఎలా కొడతాం?"

"తప్పు కడతాను. ఊరు తింటే కొట్టొచ్చు."

నాన్న చేతిలో మిరియాలు ఆగిపోయాయి. లోపల అమ్మ కూడా చాట దించేసింది.

ఇది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా ఊళ్ళో ఎవరైనా ఊరికి తప్పు చేస్తే, ఊరి పెద్ద అయిన నాయుడి దగ్గరికి వెళ్ళి నోటితో ఒప్పుకోవాలి. తర్వాత కోడిని కోసి, సామన్నం వండి, ఊరిని పిలవాలి. అదే తప్పు కూడు. చేసినవాడు తన చేత్తో అందరికీ వడ్డించాలి, తను మాత్రం ముట్టకూడదు. ఊరు తిన్నదంటే తప్పు తీరింది. ఇంక ఆ మాట ఎవరూ ఎత్తకూడదు, జరిగింది సరిదిద్దుకోవచ్చు. ఊళ్ళో ఒక్కరు ఒక్క ముద్ద తిన్నా ఊరు తిన్నట్టే. ఎవరూ తినకపోతే అది వాడి నెత్తినే ఉండిపోతుంది. తాత అడిగింది ఇంతే. తన తప్పు ఊరు తినాలి, తన చేత్తో నాటిన చెట్లు తన చేత్తో కొట్టాలి, ఊట మళ్ళీ పారాలి.

ఊరు ఆయన్ని కసిరి ఉంటే బాగుండేది. కసరలేదు. ఎంతో ప్రేమగా మాట్లాడింది. నాయుడు ఆయన చెయ్యి పట్టుకుని, "నువ్వేటి తప్పు సేసినావు దిసారీ? పెద్దోడివి, అలాటి మాట అనుకోకు" అన్నాడు. అందరూ అదే మాట. ఎందుకో ఇప్పుడు నాకు తెలుసు, అప్పుడు వాళ్ళకీ తెలుసు. ఆ తొలి మొక్కలు తప్పయితే, అదే రోజు అదే మూర్తానికి ఎవరి పొలంలో వాళ్ళు వేసుకున్నవన్నీ ఏమవుతాయి? వాటి మిరియాలతో కట్టిన ఇళ్ళు, చేసిన పెళ్ళిళ్ళు, నా హాస్టలు? ఆయన్ని మంచివాణ్ణి చేస్తే చాలు, మేమందరం మంచివాళ్ళం అయిపోతాం. అంత సుఖంగా ఉంది ఆ ప్రేమ.

అయినా ఆయన వండాడు. ఊరికి కబురు చెప్పే బారికివాడు ఇల్లిల్లూ తిరిగి పిలిచి వచ్చాడు. తాత ఊట దగ్గర అడ్డాకులు వరసగా పరిచి, గరిట పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. ఎండ తిరిగాక కుండ నెత్తిన పెట్టుకుని మా ఇంటి ముందు నుంచే నడిచి పోయాడు. మూత తీసే ఉంది, లోపలి అన్నం అందరికీ కనపడేలా. అమ్మ తలుపు చాటున నిలబడింది. కింది గెడ్డ నుంచి బిందెలు మోసీ మోసీ అప్పటికే ఆమె మోకాళ్ళు పాడయ్యాయి. ఆమె కూడా బయటికి రాలేదు. మరుసటేడు మళ్ళీ వండాడు. ఆ తర్వాతేడూ అంతే.

ఆ పై ఏడు వేసవి సెలవులకి నేను ఇంటికి వచ్చిన రోజు నాకు ఇప్పటికీ నిన్నటిలా ఉంటుంది. బస్సు రోడ్డు మీద దింపేసింది. పెట్టె నెత్తిన పెట్టుకుని అడ్డదారిన ఊట మీదుగా దిగుతున్నాను. పొద్దున్నించీ ఏమీ తినలేదు. ఊట పక్క బండ మీద అడ్డాకు కప్పి గిన్నె ఉంది. అక్కడ తాత నాకోసం పనస తొనలో, ఉడకేసిన దుంపలో పెట్టి ఉంచడం అలవాటే. ఆకు తీశాను. సామన్నం, కోడి కూర. మా తాతకి ఇవాళ ఏం పుట్టింది అనుకుని, కూర్చుని శుభ్రంగా తిన్నాను. చేతులు కూడా నాక్కున్నాను. అప్పుడు చెట్ల వెనక నుంచి ఆయన వచ్చాడు. చేతిలో గొడుగు లేదు, గొడ్డలి ఉంది.

"తిన్నావా?"

"తిన్నాను తాతా. ఆకలేసింది."

ఆయన అక్కడే చతికిలబడ్డాడు. "ఊరు తిన్నాది" అన్నాడు, నాతో కాదు. గిన్నెలోకి తొంగి చూసి మళ్ళీ అదే మాట అన్నాడు. నుదురు నేలకి ఆన్చి అమ్మవారికి దణ్ణం పెట్టి, లేచి మొదటి చెట్టు మీద గొడ్డలి వేశాడు.

చప్పుడు విని ఊరు పరిగెత్తుకొచ్చింది. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. తాత ఊగిపోతున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీడం లేదు. "నీ కూతురే తిన్నాది అల్లుడా. ఈ ఊరి గుంటే గదా. ఊరు తిన్నట్టే గదా" అంటున్నాడు. నాయుడు నన్ను ముందుకి పిలిచాడు. అడిగింది మాత్రం నాన్న.

"అది తప్పు కూడని తెలిసి తిన్నావేటి?"

నేను తాత వైపు చూశాను. ఆయన నా వైపే చూస్తున్నాడు. "తెలీదు" అన్నాను. అది నిజం. మా బళ్ళో నిజం చెప్పమనే కదా నేర్పారు. నాయుడు అందరి వైపూ తిరిగి, "పసిగుంట. తెలీక తింటే ఊరు తిన్నట్టు కాదు" అన్నాడు. అక్కడ నిలబడ్డవాళ్ళంతా ఒక్కసారి ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినపడింది. నాన్న నా తల నిమిరాడు. ఆ సాయంత్రం ఇరుగూ పొరుగూ వచ్చి, ఎంత నిజాయితీగల పిల్లో అని మెచ్చుకున్నారు. నేను తప్పేమీ చెయ్యలేదు. అబద్ధమూ ఆడలేదు. అయినా జీవితంలో ఎవరి మెప్పుకీ నేను అంతగా సిగ్గుపడలేదు. నా నిజం వాళ్ళకి అంత అక్కరకొచ్చింది.

మర్నాడు ఆయనకి మొహం ఎలా చూపించాలా అని ఇంట్లోనే కూర్చున్నాను. ఆయనే వచ్చి గుమ్మంలో నిలబడి, "గుంటా, మా ఇంటికి రా" అన్నాడు. వెళ్ళాను. ఒక్క ఆకు పరిచి ఉంది. నన్ను కూర్చోమన్నాడు. తను నిలబడే మాట్లాడాడు.

"నీకు తెలీదని నాకు తెలుసు. నువ్వొచ్చే బస్సు సూసుకునే పెట్టినాను. నీకు ఆకలేస్తాదని కూడా తెలుసు. సేపకి ఎరేసినట్టు నీకేసినాను."

నేను ఖాళీ ఆకు వైపు చూశాను.

"ఆ సెట్లు తెలీక నాటినాను. ఇది తెలిసి సేసినాను. ఇది పెద్ద తప్పు. ఊరికి కాదు, నీకు. అందుకే నీకొక్కర్తికే ఒండినాను. ఇది తెలిసి తిను. తినాలనిపించకపోతే లేచి ఎల్లిపో, నాను కోపడను."

అంతటివాడు, ఊరికి రోజు చెప్పేవాడు, హాస్టలు పిల్ల ముందు గరిట పట్టుకుని తల దించుకుని నిలబడ్డాడు. నేను తిన్నాను. ఇప్పుడు నా క్లాసులో ఎప్పుడైనా ఏ పిల్లనైనా అన్యాయంగా కసిరితే, స్టాఫ్ రూముకి పిలిచి బుజ్జగించను. అందరి ముందూ నిలబడి తప్పు నాదని చెప్తాను. తోటి టీచర్లు అలుసైపోతావంటారు. నాకు ఇంకో పద్ధతి రాదు, ఆ ఒక్క ఆకు ముందు నేర్చుకున్నది అదే.

తాత ఆ ఏడాదితో తప్పు కూడు వండడం మానేశాడు, దిసారితనం కూడా వదిలేశాడు. తన తప్పు తీరనివాడు ఊరికి మంచి రోజు ఎలా చెప్తాడు అన్నాడు. ఊరు బతిమాలింది, వినలేదు. పక్క గూడెం దిసారిని పిలుచుకోవాల్సి వచ్చింది. తాత మొలకలు పీకడం మాత్రం నడుం వంగిపోయేదాకా మానలేదు. నేను డిగ్రీ, ఆ తర్వాత ఉద్యోగం అని కిందికి దిగిపోయాను. వెళ్ళినప్పుడల్లా "ఊటెలా ఉంది తాతా?" అని అడిగేదాన్ని. "నన్నేటి అడుగుతావు, ఎల్లి సూడు" అనేవాడు. చూసేదాన్ని. గుంట అడుగున బురద.

ఆయన పోయినప్పుడు నేను ఊళ్ళోనే ఉన్నాను. మా దగ్గర పోయినవాళ్ళకి ఊరి ఊట నీళ్ళతోనే స్నానం చేయించాలి. ఊటలో చెంబు మునగలేదు. వేసవి, కింది గెడ్డ కూడా ఎండిపోయింది. కొండ మీద టూరిస్టులకి గుడారాలు వేసే కుర్రాళ్ళ దగ్గర కొనుక్కొచ్చిన నీళ్ళ టిన్నులున్నాయి. ఒక టిన్ను తెచ్చారు. నాన్న దాని మూత తిప్పుతున్నాడు. మూత రావడం లేదు. చుట్టూ ఊరు ఊరంతా నిలబడి ఉంది. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. అప్పుడు అమ్మ అంది, మెల్లగానే గానీ అందరికీ వినపడేలా, "ఆయన నీలు ఆయనకి నేకుండా సేసినాం." నాన్న టిన్ను వంచి నీళ్ళు పోశాడు.

ఈ ఏడు ప్లైవుడ్డుకి సిల్వరు దుంగలు కొనేవాళ్ళు కొండెక్కి వచ్చారు. ముదిరిన చెట్లకి మంచి ధర. ఊరంతా అమ్ముకుంది. ఒకరోజు నాన్న ఫోన్లో, మధ్యలో ఏదో మర్చిపోయిన మాట అన్నట్టు, "ఊట నెత్తినవి కూడా ఇచ్చీసినాం" అన్నాడు. అమ్మవారి చెట్లు కదా నాన్నా అన్నాను. పక్క గూడెం దిసారి వచ్చి పసుపు నీళ్ళు చల్లాడట, పరవాలేదన్నాడట. ఒక మనిషి ఏళ్ళ తరబడి గరిట పట్టుకుని నిలబడి అడిగితే కదలని ఆచారం, బేరగాడు అడిగేసరికి పసుపు నీళ్ళకి లొంగింది. నేను ఫోను పెట్టేశాను. వానలు పడ్డాక అమ్మ ఫోను చేసి, "గుంటలో తడి ఊరతంది" అంది. నాకు సంతోషం కలగాలి. తాత చెప్పిందే నిజమైంది కదా. నిజం చెప్తున్నాను, నాకు సిగ్గు తప్ప ఇంకేమీ కలగలేదు. చెట్లు పోయాయి, ఆయన తప్పు మాత్రం అలాగే ఉండిపోయింది, ఎవరూ తినకుండా.

దుంగల లారీ పక్కన ఆగిన ఆ బస్సులో నేను వెళ్తున్నది అందుకే. ఇప్పుడు మా ఊళ్ళో బారికి లేడు, వాట్సాప్ గ్రూపు ఉంది. "రేపు మధ్యాహ్నం ఊట దగ్గర దొన్ను తాత తప్పు కూడు. అందరూ రావాలి" అని పెట్టాను. దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మలు వరసగా వచ్చాయి. మర్నాడు కోడి కోసి, సామన్నం వండి, ఊట దగ్గర ఆకులు పరిచి కూర్చున్నాను. కొట్టేసిన మొదళ్ళ మధ్య ఎండ నేరుగా పడుతోంది. గుంటలో చెంబు మునిగేన్ని నీళ్ళు. చాలాసేపు ఎవరూ రాలేదు. బొమ్మలు పెట్టినవాళ్ళు కూడా రాలేదు.

నాన్న వచ్చాడు. ఈమధ్య కర్ర లేనిదే నడవడు. తిట్టడానికి వచ్చాడనుకుని నేనూ మాటలు సిద్ధం చేసుకున్నాను. నాలో పాత కోపం చాలానే ఉంది. ఆయన కర్ర బండకి ఆనించి, నా చేతిలో గరిట తీసుకున్నాడు.

"నువ్వు కూకో" అన్నాడు.

"నేను వడ్డిస్తాను నాన్నా. మీరు తినండి. మీరు తింటే చాలు."

"నాను తినకూడదు. సేసినోడు ఒడ్డించాల." గరిట కుండలో ముంచుతూ, "ఆ మామ ఏటీ సెయ్యనేదు. మేం సేసినాం" అన్నాడు.

ఒక ఆకు ముందు కూర్చున్నాను. ఆయన వంగి అన్నం పెట్టాడు, కూర వేశాడు. తినడం మొదలుపెట్టాక దారిలో అమ్మ కనపడింది, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా ఎక్కుతూ. చంకలో బిందె. నీళ్ళకొచ్చిందో, తినడానికే వచ్చిందో నాకు తెలీదు. బిందె పక్కన పెట్టి నా పక్క ఆకు ముందు చతికిలబడింది. నాన్న ఆమెకీ వడ్డించాడు. ఆమె కాళ్ళ వైపే చూస్తూ వడ్డించాడు, మొహం వైపు చూడలేకపోయాడు. అమ్మ ఒక్కో ముద్దా నెమ్మదిగా తింది. ఆకు ఖాళీ అయ్యాక మడవలేదు. "ఇంకొంచెం పెట్టు" అంది. నాన్న పెట్టాడు.

మా ఆచారం ప్రకారం ఊరు తిన్నట్టే. తాత తప్పు తీరినట్టే. కానీ నా లోపల ఏదీ తీరలేదు. ఇప్పటికీ పాఠం చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోతాను, ఎవరైనా నా నిజాయితీని మెచ్చుకుంటే మొహం తిప్పుకుంటాను. మిగతా ఆకులు గాలికి కదులుతున్నాయి. అమ్మ బిందె ముంచుకుని దిగిపోయింది. నాన్న మాత్రం ఎండలో గరిట పట్టుకుని, ఊరి దారి వైపు చూస్తూ నిలబడే ఉన్నాడు. ఇంక ఎవరూ రారు, పదండి నాన్నా అనాలనిపించింది. అనలేదు.